చిల్లికుండల పున్నమి

మందారక రాజ్యంలో పేదవాడనేవాడు మిగలరాదని ఉదారవర్మ మహారాజు పాతికేళ్ళ కిందట కంకణం కట్టుకున్నాడు. ఆ కంకణం ఇప్పటికీ ఆయన చేతికి ఉంది. మధ్యలో రెండుసార్లు దానికి వజ్రాలు కూడా పొదిగించారు. పేదవాళ్ళు మాత్రం ఏటికేడాది పెరుగుతూనే ఉన్నారు.

కారణం కనిపెట్టమని రాజుగారు పండితులను పిలిపించని సంవత్సరం లేదు. శని వక్రించాడని జ్యోతిష్కులు చెప్పారు. అంతా బద్ధకమని మహామంత్రి తేల్చాడు; ఆ ముక్క చెప్పడానికి ఆయన పల్లకీ అయినా దిగలేదు. పొరుగు దీవి నుంచి వచ్చిన ఒక మేధావి పేదల తలలను దారంతో కొలిచి, లోపల ఆలోచన పట్టేంత చోటు లేదని చెప్పి, శాలువా కప్పించుకుని ఓడెక్కి వెళ్ళిపోయాడు. చిట్టచివరికి మోకాళ్ళదాకా జడలు, పెదవుల మీద చెరగని చిరునవ్వు, చేతిలో పాము తల బెత్తంతో కరుణానంద గురువు సభకు వచ్చాడు.

"మహారాజా! దీనంతటికీ మూలం లేమి అనే రాకాసి. దాన్ని నేను బంధిస్తాను. అయితే అది నోరు మూసుకుని పడి ఉండాలంటే, ప్రతి పున్నమికీ పేదలు దాని వాకిట నిలబడాలి. బాగున్న కుండ ఒకటి తమ చేతులతో పగలగొట్టి, 'నాకేమీ లేదు' అని పలకాలి. పలికినవారికి తమరు అంబలి పోయండి. పుణ్యం తమకు, శాంతి రాకాసికి."

రాజుగారికి కళ్ళు చెమర్చాయి. ఆ పూటే బంగారు గరిటె చేయమని కంసాలికి కబురు పంపాడు.

అది మొదలు చిల్లికుండల పున్నమి ఆచారమైంది. గురువు ఒక్కొక్కరి తల మీద పాము బెత్తం ఆనించి, "నీ దగ్గర ఏముంది?" అని అడుగుతాడు. ఆ బెత్తం కింద అబద్ధం ఆడినవాడు నిలువునా రాయి అయిపోతాడు. ఊరికే వచ్చే అంబలి ఎందుకు వదలాలని వరుసలో దూరిన ఇద్దరు వర్తకులు కోట వాకిట ఇప్పటికీ రాళ్ళై నిలబడి ఉన్నారు, కాకులు వాలడానికి పనికొస్తున్నారు. పేదవాళ్ళకా భయం లేదు. వాళ్ళు చెప్పేది నిజమే. నెలనెలా ఒక కుండ పగలగొట్టుకుంటూ పోతే నీళ్ళు దాచుకోవడానికి కుండ లేదు, గింజలు దాచుకోవడానికి కుండ లేదు, కాబట్టి మరుసటి నెలకు ఆ మాట మరింత నిజమవుతుంది. ఈ సంగతి రాజ్యంలో ఎవరికీ తట్టలేదు. తట్టినవాళ్ళు ఆకలితో ఉండి, పైకి అనలేదు.

ఇక పెంచలుడి సంగతి. చెలమవాడ అనే నలభై గడపల ఊరికి అతను నీరటి. చెరువు తూము ఎత్తి, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసి, మళ్ళీ తూము దించడం అతని పని. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, భుజాన ఎప్పుడూ పార ఉండేది. ఎవర్నీ ఒక పట్టాన నమ్మడు. మడికి నీళ్ళందలేదని ఎవరైనా మొత్తుకుంటే అతను గట్టున కూర్చుని ఓదార్చడు. కాలవ వెంట పైకి నడుస్తాడు. పైన ఎక్కడో ఒకచోట గండి ఉంటుంది. దాని పక్కన అమాయకంగా మొహం పెట్టుకుని ఎవరో ఒకరు నిలబడి ఉంటారు.

చెలమవాడవాళ్ళు కూడా పున్నమి అంబలికి పోవడం మొదలై మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళూ వానలు బాగానే కురిశాయి. చెరువు నిండింది. కొర్ర కంకులు బెత్తెడేసి పొడుగు వేశాయి. తీరా కోసి నలిపితే అన్నీ తాలు, గింజ ఉండవలసిన చోట గాలి. నీళ్ళు పారాయి, పైరు పెరిగింది, మరి గింజ ఎక్కడికి పోయింది? పెంచలుడికి మూడేళ్ళుగా ఇదే అనుమానం.

ఊళ్ళో చివరికి మిగిలింది ఒకే ఒక్క విత్తనాల కుండ. కొర్ర గింజలకు బూడిద పట్టించి, వేపాకు కలిపి, మూతికి పేడమట్టి మెత్తి దాచుకున్నారు. అది ఉంటే రాబోయే కార్తెలో నలభై ఇళ్ళవాళ్ళూ తలా ఇంత విత్తుకుంటారు. లేకపోతే పిల్లాజెల్లాతో గురువుగారి ఇటుక బట్టీలకు కట్టుబానిసలుగా పోవాలి. పున్నమి ముందర గురువుగారి తలారులు వచ్చి, సరాసరి ఆ కుండ దగ్గరికే నడిచి, దాని మూతికి లక్క ముద్ర వేశారు. పున్నమికి దీన్నే తెచ్చి పగలగొట్టాలి, ముద్ర చెదిరితే ఊరంతా ఆ రోజే బట్టీలకు, అని చెప్పి పోయారు. ఊరివాళ్ళు ఏడ్చారు, పోట్లాడుకున్నారు, మూడు రోజులు పొయ్యి వెలగని ఇళ్ళలో కూర్చుని ఆలోచించారు. చివరికి ఆ కుండను పెంచలుడి వీపుకు కట్టి పంపారు.

"నా చేత్తో పగలగొట్టమంటే నా వల్ల కాదు," అన్నాడు పెంచలుడు. "తీసుకునైతే పోతాను. అంత పెద్ద గురువుకు మన కొర్రల కుండ మీద కన్నెందుకు పడిందో ముందు చూసొస్తా."

పున్నమి రోజు పొద్దు బారెడెక్కేసరికి రాజధాని మణితోరణ నగరం కళ్ళ ముందు నిలిచింది. తొమ్మిది ప్రాకారాలు, ఒకదాన్ని మించి ఒకటి. నెమలి కంఠం రంగు గవాక్షాలు, వాటిలో గాలికి గలగలలాడే ముత్యాల తెరలు, మేడ మేడకూ మీద సూర్యుణ్ణి వెక్కిరించే బంగారు పూర్ణకుంభాలు. ఆ నగరంలో పగలని కుండలన్నీ ఇంటి కప్పుల మీదే ఉన్నాయి. కోట నడుమ ఏడు తాటిచెట్ల ఎత్తున, గాదె ఆకారంలో మట్టిగోడల గుమ్మి ఒకటి లేచి ఉంది. లేమి రాకాసి అందులోనే బందీగా ఉందని గురువు చెబుతాడు. కోట ముందర ఆమడ పొడవున పేదల వరుస, మనిషికో కుండ. వరుసకు అటూ ఇటూ పద్దెనిమిదేళ్ళుగా పగిలిన కుండల పెంకులు గుట్టలు గుట్టలుగా పేరుకుని ఉన్నాయి.

పెంచలుడు వరుసలో నిలబడలేదు. ముందు గండి చూడాలి. మెల్లగా పెంకుల గుట్టల వెనక్కి జారుకుని గుమ్మి వైపు నడవసాగాడు.

పది బారలు నడిచాడో లేదో, కాలి కింద పెంకులు గలగలమన్నాయి. అతను ఆగాడు. అవి ఆగలేదు. గుట్ట మొత్తం కదిలి, పెంకు మీద పెంకు ఎక్కి, బురద అతుకులతో బిగుసుకుని, తాటిమాను లావున పాము రూపం కట్టింది. కుండ మూతులు కళ్ళయ్యాయి. విరిగిన అంచులు కోరలయ్యాయి. బుస్సుమని పడగ విప్పి, అతని నడుం మీదికి విరుచుకుపడింది.

పెంచలుడు పక్కకు దొర్లాడు, వీపు మీది కుండను ముందుకు లాక్కుని, పొట్టకు హత్తుకుని మరీ దొర్లాడు. వీపు చీరుకుపోయింది. పార ఎత్తి కొడితే నాలుగు పెంకులు రాలాయి, నలభై వచ్చి అతుక్కున్నాయి. రెండోసారి కాటు వేసేలోగా అతని కన్ను ఆ అతుకుల మీద పడింది. కాల్చిన పెంకుకు నీళ్ళంటే లెక్కలేదు. మధ్యలో పూసిన బురద మాత్రం పచ్చిది. కోట అగడ్తకు నీళ్ళు మోసే కాలవ పక్కనే పారుతోంది. ఒక్క అంగలో గట్టెక్కి, నీరటి చేతితో పార మూడు వేట్లు వేశాడు. గట్టు తెగింది, నీళ్ళు ఎగిసి పాము మీద పడ్డాయి. అతుకులు కరిగిపోయి, అంత పామూ గంపెడు పెంకులై కుప్పకూలింది.

"మొట్టమొదటిసారి చూస్తున్నాను, దీని నుంచి ఒకడు బతకడం," అని వెనక నుంచి ఆడగొంతు వినిపించింది.

గుమ్మి వెనక కట్టెలు చేరవేసే దొడ్డివాకిలి. దాని ముందు మసిగుడ్డ చీరలో ఒక దాసి నిలబడి ఉంది. చేతిలో అంబలి గంగాళాల దగ్గర పనిచేసే గరిటెలవాళ్ళు కట్టుకునే ఎర్ర తలగుడ్డ.

"ఇది చుట్టుకో. లోపలికి తీసుకెళ్తాను. ఆ పార మాత్రం అవతల పడెయ్యి."

"పార ఇచ్చేది లేదు. నువ్వెవరమ్మా?"

"అంబలి కలిపే దాసిని."

పెంచలుడు ఆమె చేతుల వైపు చూశాడు. "ఒక్క బొబ్బ అయినా లేదే. గంగాళం దగ్గర నిలబడిన చేతులు కావు తల్లీ ఇవి."

ఆమె తడబడలేదు, నవ్వింది. "కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి నీకు. నేను రాజుగారి కూతుర్ని, మాణిక్యవల్లిని. ఈ గుమ్మిలో ఏముందో తెలుసుకోవాలని నెల రోజులుగా ఈ వేషం వేశాను. తలుపు తాళంచెవి దొంగిలించాను గానీ, ఒంటరిగా లోపలికి పోవడానికి ధైర్యం చాల్లేదు."

"రాజుగారి కూతురివైతే ఇంకా ఎక్కువ అనుమానించాలి," అన్నాడు పెంచలుడు. అయినా తలగుడ్డ చుట్టుకున్నాడు. నమ్మకం లేకపోయినా లోపలికి పోయే దారి అదొక్కటే.

వాకిలి దాటి, ఎర్ర తలగుడ్డ చూసి పక్కకు తప్పుకున్న ఇద్దరు కావలివాళ్ళనూ దాటి, చీకటి మెట్లు దిగి గుమ్మి లోపలికి చేరారు. రాకాసి లేదు. సంకెళ్ళు లేవు. పైకప్పు కంతల్లోంచి పడే ఎండలో ధాన్యం దుమ్ము తేలుతోంది. కొర్రలు, సజ్జలు, వడ్లు, వరిగలు కొండలా పోసి ఉన్నాయి. గోడల చుట్టూ వందలాది మట్టి తూములు, ఒక్కో తూము మీద ఒక్కో ఊరి పేరు చెక్కి ఉంది.

తూములంటే పెంచలుడికి వేరే చెప్పాలా? చెలమవాడ పేరున్న దాని దగ్గరికి వెళ్ళి చెవి ఆనించాడు. దూరంగా, బయట వరుసలోంచి, ఎవరో ముసలాయన గొంతు వినిపించింది: "నాకేమీ లేదు." ఆ మాట పక్క ఊరి తూములోంచి జారి లోపల పడింది. దాని వెంటనే అదే తూములోంచి గుప్పెడు సజ్జలు రాలాయి. మళ్ళీ ఇంకో గొంతు, మళ్ళీ ఇంకో గుప్పెడు.

"అమ్మ దొంగా!" అన్నాడు పెంచలుడు. కంకుల్లోంచి మాయమైన గింజ ఇక్కడికి పారుతోంది. శనీ కాదు, బద్ధకమూ కాదు. ఎండిన మళ్ళన్నిటికీ పైన గండి ఇక్కడ ఉంది.

మాణిక్యవల్లి అడుగున ఉన్న పెద్ద తూము చూపించింది. "ఇది వంటశాల పాతరలోకి పోతుంది. మా నాన్నగారు పోసే అంబలి దీన్లోంచే. వాళ్ళ గింజల్లోనే వందో వంతు తీసి, నీళ్ళు కలిపి, బంగారు గరిటెతో..."

"రాజుగారికి తెలియదా?"

"తెలియదు."

"తెలియదా, తెలుసుకోలేదా తల్లీ?"

ఆమె కిందికి వంగింది. పెద్ద తూము అంచున చెక్కిన అక్షరాలను వేలితో తడుముతూ చదివింది. "మంత్రం కట్టినవాడు విరుగుడు కూడా ఆ చోటనే రాయాలి, లేకపోతే మంత్రం నిలవదు. ఇదిగో: 'లేదన్న నోటి వెంట నిండుతాను. పిడికిట విత్తు పట్టి ఉందన్న నోటికి పగులుతాను.'"

అప్పుడు అర్థమైంది పెంచలుడికి. విత్తనం ఎవరి చేతిలోనూ మిగలకూడదు. అందుకే నెలనెలా కుండలు పగలాలి. అందుకే తలారులు వెతుక్కుంటూ వచ్చి ఊళ్ళో చివరి విత్తనాల కుండకు లక్క ముద్ర వేసి వెళ్ళారు.

అంతలో పైన తలుపు ధడాలుమని మూసుకుంది. గుమ్మి అంతటా తియ్యని గొంతు మారుమోగింది.

"బిడ్డా పెంచలా! కుండను వాకిట పగలగొట్టమంటే ఇంతదాకా మోసుకొచ్చావా? మంచిదే. రాకుమారీ, నువ్వు తీసుకురాకపోతే వీడు దారి తప్పిపోయేవాడు సుమా."

పెంచలుడు గిరుక్కున ఆమె వైపు తిరిగాడు. ఆమె మొహం పాలిపోయి ఉంది. అది దొరికిపోయినదాని భయమో, చేసినదాని సిగ్గో అతనికి అంతుపట్టలేదు.

"నేను కాదు," అంది ఆమె. "ఒట్టు. వాడు నన్ను వెంటాడి వచ్చాడు."

"ఇప్పుడు తేలే పని కాదులే," అన్నాడు పెంచలుడు.

నిజంగానే తేల్చుకునే తీరిక లేదు. గోడల మీది తూములన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. గింజలు జల్లుగా మొదలై వానగా మారాయి. మోకాళ్ళదాకా, నడుం దాకా, రొమ్ము దాకా వచ్చాయి. ఆకలితో చచ్చినవాళ్ళను పెంచలుడు చూశాడు గానీ, గింజల్లో మునిగి చావడం అతని ఊహకైనా రాలేదు. కుండను నెత్తిన పెట్టుకుని, కాళ్ళతో తడుముతూ అడుగు తూము మూత ఎక్కడుందో పట్టుకున్నాడు. పార కొస మూత సందులో దూర్చి, ఒళ్ళంతా బరువేసి ఎత్తాడు. మూత ఊడింది. ధాన్యం సుడి తిరుగుతూ తూములోకి దిగసాగింది.

"ముందు నువ్వు దూరు," అంది మాణిక్యవల్లి. "కుండ నీ దగ్గరుంది."

అతను ఆమె చెయ్యి పట్టుకుని లాగబోయాడు. గింజల ప్రవాహం ఇద్దర్నీ విడదీసింది. మునుగుతున్న ఆమె వేళ్ళు మాత్రం కనిపించాయి. మరుక్షణం అతను తూములో దొర్లుకుంటూ వంటశాల పాతరలో పడ్డాడు. పార పైనే పోయింది. కుండ మాత్రం పగల్లేదు. రాకుమారి బతికి ఉందో లేదో, ఆమెది స్నేహమో ద్రోహమో, అక్కడ ఆగి ఆలోచిస్తే తలారుల చేతికి చిక్కుతాడు. పాతర గోడ ఎగబాకి బయట పడ్డాడు.

పడ్డది ఎక్కడో కాదు, సాక్షాత్తు రాజుగారి ముందు. ఒక పక్క పొగలు కక్కే అంబలి గంగాళాలు, ముత్యాల గొడుగు కింద బంగారు గరిటెతో ఉదారవర్మ మహారాజు. ఎదురుగా వేలాది జనం. నడుమ అరుగు మీద చిరునవ్వుతో కరుణానంద గురువు అప్పుడే వచ్చి నిలబడి ఉన్నాడు, ఎక్కడికీ పోనివాడిలా.

"జనమా!" అని అరిచాడు పెంచలుడు. "గుమ్మిలో రాకాసి లేదు! మన గింజలే ఉన్నాయి! లేదు లేదని మనం అన్నప్పుడల్లా మన కంకుల్లోంచి గింజ దానిలోకి పారతా ఉంది! ఇదిగో చూడండి!" అంటూ బట్టల్లో చిక్కుకున్న గింజలు దులిపి చూపించాడు.

గురువు పెదవులు సన్నగా కదిలాయి. పెంచలుడి అరచేతిలో గింజలు ఎండ తగలగానే తాలుగా మారి గాలికి ఎగిరిపోయాయి.

జనంలో ఎవరో నవ్వారు. "పొట్టు చూపిస్తా ఉండాడురా!" వెంటనే ఇంకొకడు, "వీడెవడో మన అంబలి చెడగొట్టేదానికి వచ్చినోడే. గరిటెలోళ్ళ తలగుడ్డ కట్టుకోనుండాడు చూడు," అన్నాడు. అనుమానం వరుస పొడవునా పాకింది. "వాడి కుండ బాగుంది! అంబలి కోసం మనం అన్నీ పగలగొట్టుకుంటే వాడి దగ్గర ముద్ర వేసిన కుండ ఎట్టా ఉంది?" "పగలగొట్టండి వాడి కుండ!"

గురువు నోరు విప్పవలసిన పని కూడా లేకపోయింది. చేతులు జోడించి ఊరికే నిలబడ్డాడు.

పెంచలుడికి ఏడుపొచ్చింది. వాళ్ళ మీద కోపం రాలేదు. నెల క్రితం ఆ వరుసలో ఉంటే తను కూడా ఇలాగే అనుమానించి ఉండేవాడు. కుండ వైపు చూశాడు. నలభై ఇళ్ళ విత్తనం. ఇది తెరిస్తే చెలమవాడకు ఈ ఏడు పంట లేదు, ఊరంతా బట్టీలకే. తెరవకపోతే ఈ జనం ఇప్పుడే దాన్ని నేలకేసి కొడతారు. ఒక్క క్షణం నిలబడి, ఊళ్ళో ఒక్కొక్క గడపా తలుచుకుని, మనసులోనే క్షమించమని వేడుకున్నాడు. తర్వాత లక్క ముద్ర చితక్కొట్టి, పేడమట్టి పెకలించాడు.

వరుసలో అందరికంటే ముందు ఎముకల గూడులాంటి ముసలామె ఉంది, పేరు గౌరక్క. పద్దెనిమిదేళ్ళుగా ఒక్క పున్నమి తప్పకుండా వచ్చి కుండ పగలగొట్టిన మనిషి. పెంచలుడు ఆమె చెయ్యి పట్టుకుని అందులో గుప్పెడు విత్తనాలు పోశాడు.

"పట్టుకో అవ్వా. తినొద్దు. గురువు అడిగితే ఉంది అని చెప్పు."

"నువ్వు గురువు మనిషివే కదా నాయనా?" అంది ఆమె, కళ్ళు చికిలించి. "మమ్మల్ని పరీక్ష చేస్తా ఉండావు. ఉందంటే అంబలి ఆపేస్తారు. నాకు తెలియకనా?"

పెంచలుడు ఆగలేదు. వరుస వెంట పరుగెత్తాడు. చాచిన చేతిలో, చాచని చేతిలో, తిట్టిన చేతిలో, కొట్టబోయిన చేతిలో విత్తనం పోసుకుంటూ పోయాడు. కుండ అడుగు గీరుకునేదాకా పోశాడు. భటులు అందుకుని, రెండు చేతులూ పట్టి, అరుగు ముందుకు ఈడ్చుకొచ్చారు.

"కానివ్వండి, మహారాజా. ఆచారం ఆచారమే," అన్నాడు గురువు. బెత్తం ఎత్తి గౌరక్క తల మీద ఆనించాడు. "చెప్పు తల్లీ, నీ దగ్గర ఏముంది?"

గంగాళం మీది ఆవిరి ఆమె మొహానికి తగులుతోంది. ఆమె పిడికిలి ముక్కు దగ్గరికి తీసుకుంది. తింటుందనే అనుకున్నాడు పెంచలుడు. ఆమె తినలేదు, వాసన చూసింది. వేపాకు, బూడిద, పాత మట్టి వాసన.

"మా అమ్మ దాచే కుండకు ఈ వాసనే వచ్చేది," అంది, ఎవరితోనో కాదు, తనలో తను. తర్వాత తలెత్తింది. "ఉంది సామీ. నా దగ్గర ఉంది."

గుమ్మిలో ఎక్కడో బండ పగిలిన చప్పుడైంది. ఒక తూము మూసుకుపోయింది. రాజుగారి చేతిలో గరిటె కంగున గంగాళానికి తగిలింది.

గురువు చిరునవ్వు చెరగలేదు గానీ, గబగబా రెండోవాడి దగ్గరికి నడిచాడు. వాడు బలమైన మనిషి. మీసాలకు నాలుగు కొర్ర గింజలు అంటుకుని ఉన్నాయి. దవడలు ఇంకా ఆడుతున్నాయి. "నాకేమీ లేదు," అన్నాడు తల దించుకుని, అది నిజమే. గుమ్మిలోకి గింజలు రాలిన చప్పుడు అందరికీ వినిపించింది.

గురువు వరుసంతా కలయజూశాడు. వందలాది పిడికిళ్ళు. ఏది మూసి ఉందో, ఏది నోటి దాకా పోయి ఖాళీ అయిందో చెప్పడం కష్టం. ఇక వరుసను అడిగి సాహసం చేయదలచుకోలేదు. వెనక్కి వచ్చి, బెత్తం పెంచలుడి నెత్తిన ఆనించాడు.

"ముందు ఈ మహాదాతను అడుగుదాం. నాయనా, నువ్వు చెప్పు. నీ దగ్గర ఏముంది?"

అప్పుడు గాని పెంచలుడికి తెలిసిరాలేదు. కుండ ఖాళీ. చేతులు ఖాళీ. తన కోసం ఒక్క గింజ కూడా ఉంచుకోలేదు. ఉంది అంటే అబద్ధం, ఆ ఇద్దరు వర్తకుల పక్కన మూడో రాయి అవుతాడు. లేదు అంటే నిజం. పంచిపెట్టినవాడే అందరి ముందూ లేదన్నాక ఇంకెవరు ఉందంటారు? జీవితమంతా ఇతరులనే అనుమానించినవాడు తన రెండు చేతులను మాత్రం చూసుకోలేదు.

"చెప్పవేం?" అన్నాడు గురువు తియ్యగా. బెత్తం మీది పాము తల చల్లగా నుదుటికి జారింది. నోరు విప్పకపోయినా ఆ బెత్తం ఊరుకోదు కాబోలు, పెంచలుడి పాదాలు అప్పుడే బరువెక్కుతున్నాయి.

గౌరక్క వరుసలోంచి బయటికి వచ్చింది. పున్నమినాడు వరుస దాటితే అంబలి ఉండదు, అది ఆమెకు అందరికంటే బాగా తెలుసు. భటుడు అడ్డం పెట్టిన ఈటె కిందుగా వంగి దూరింది. పెంచలుడి చెయ్యి లాగి, అరచెయ్యి విప్పి, తన పిడికిట్లోని విత్తనాల్లో సగం అందులో పోసి, వేళ్ళు మూసి గట్టిగా నొక్కింది.

"పట్టుకో అబ్బోడా," అంది. "నా దగ్గర ఇంకా ఉండాయి."

"ఉంది!" అని అరిచాడు పెంచలుడు.

గుమ్మి గోడ పై నుంచి కింది దాకా నెరియ విచ్చింది. ఆ నెరియలోంచి ధాన్యం ధారగా జారుతుంటే, లోపలి నుంచి ఎవరో గోడను బాదుతున్న చప్పుడు వినిపించింది. జనం వెనక వరుసల్లోంచి "నా దగ్గరా ఉంది!" అని ఒక గొంతు లేచింది, దాని మీద ఇంకొకటి. కరుణానందుడి చిరునవ్వు పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి చెరిగిపోయింది. బెత్తం పెంచలుడి నుదుటి మీది నుంచి లేచి గౌరక్క వైపు తిరిగింది.

"ముందు ఆ ముసలిదాన్ని పొడవండి!"

ఈటెలన్నీ ఆమె మీదికి తిరిగాయి. పెంచలుడు ఆమెకు అడ్డంగా దూకాడు. పార లేదు. ఒక చేతిలో విత్తనాలు, ఆ పిడికిలి విప్పడానికి లేదు. మిగిలిన ఒక్క చేత్తోనే, గుండెల మీదికి దూసుకొచ్చిన మొదటి ఈటెను పట్టుకున్నాడు. అతని వెనక "ఉంది" అనే గొంతులు వరుస పొడవునా పాకాయి, ఒక్కో గొంతుకూ గుమ్మి గోడ ఇంకాస్త విచ్చుకుంది.